పురుగు నోరు చూచి మందు కొనుడు

అంగడిలో ఎద్దును బేరమాడు రైతు మొట్టమొదట దాని నోరు తెరచి చూచును. పండ్లు లెక్కించి వయస్సు నిర్ణయించును. అమ్మువాడు ఎన్ని ప్రమాణములు చేసినను నోటిలోని సాక్ష్యమును మించిన సాక్ష్యము లేదని మన తాతలనాటినుండియు ఎరుగుదుము. ఇంతటి జాగరూకత గల ఆ రైతే తన చేనికి పురుగు పట్టినప్పుడు మాత్రము ఆ పురుగు నోరెట్టిదో విచారింపడు. దుకాణములో చేతికిచ్చిన సీసాను తెచ్చి చల్లును. అది పని చేయకున్న మరియొక సీసా, అదియు చేయకున్న రెండును కలిపి మూడవసారి చల్లుట. మన ప్రాంతమున పత్తి వేయువారి అప్పులలో ఈ సీసాల పాలు ఎంత గలదో సంఘ సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. కావున ఈ నెల నోళ్ళను గూర్చి కొంత వ్రాయుచున్నాను.

మనకు తెలిసిన ఎద్దు నోటితోనే ఆరంభింతము. పశువునకు పై దవడ ముందుభాగమున పండ్లు లేవు. అచ్చట గట్టిపడిన చిగురుమెత్త మాత్రమే కలదు. క్రింది దవడ ముందున ఎనిమిది పండ్లు. సుమారు రెండేండ్ల యీడున నడిమి పాలపండ్ల జత రాలి పెద్దపండ్లు వచ్చును. తరువాత ఒక్కొక్క జతగా మారుచు నాలుగైదేండ్లకు నోరు నిండును. పై పండ్లు లేని ఈ నోటితో పశువు గడ్డిని కొరుకజాలదు. నాలుకను చాచి గడ్డిపోచలను చుట్టి, క్రింది పండ్లకును పై మెత్తకును నడుమ బిగించి, తల విసరి తెంపుకొనును. అందుచేతనే నాలుకకు చుట్టుకొనునంత ఎత్తు లేని గడ్డి దానికి అందదు. గొర్రె పై పెదవి నడిమికి చీలియుండుటచే అది నేలబారున నున్న పచ్చికను గూడ గీకి తినగలదు. మేక పెదవులు మరింత చురుకైనవి. తుమ్మముండ్ల నడుమనుండి ఒక్కొక్క ఆకును ఏరుకొనును. వేసవిలో గొర్రెలు బలిసియున్న బీటిలో ఎడ్లు డొక్కలెగురవేసికొని తిరుగుటకు కారణమిదియే.

ఎద్దు నోటిలో మరియొక చిక్కు గలదు. నాలుకపైని గరుకు ముండ్లు వెనుకకు తిరిగియుండును. లోపలికి పోయినదానిని వెలికి ఉమ్మివేయుట కష్టము. మేకవలె ఏరి తినునది గాదు గనుక మేతలో పడిన ఇనుపమేకు, తీగముక్క అట్లే లోపలికి పోవును. అవి రెండవ పొట్టలో నిలుచును. గుండె దానికి ముందే, మధ్య పలుచని పొర మాత్రమే అడ్డముగా నుండుటచే, మొనగల తీగ ఆ పొరను చీల్చి గుండెకు తగులుటయు కలదు. మేయక, మూలుగుచు, దిగుడు నేలలో నడుచుటకు వెనుదీయు ఎద్దును చూచి దిష్టి తీయువారు కొట్టములోని తీగముక్కలను ఏరివేసిన మేలు.

ఇక పురుగుల మాట. పంటను పాడుచేయు పురుగులు వందలకొలది యున్నను వాటి నోళ్ళు ముఖ్యముగా రెండు తీరులు. ఒకటి కొరుకు నోరు. రెండవది పీల్చు నోరు.

కొరుకు నోటిని చూడగోరినచో ఒక మిడతను పట్టి భూతద్దము క్రింద పెట్టుడు. మన దవడలు పైకి క్రిందికి కదలును. మిడత దవడలు అడకత్తెరవలె ఇరుప్రక్కలనుండి వచ్చి కలియును. ముందు పై పెదవి ఒక మూతవలె నుండును. దవడల వెనుక ముక్కలను పట్టి లోపలికి త్రోయు చిన్న అవయవములును, వాటి ప్రక్కన వ్రేళ్ళవంటి రెండు జతల తడుములును ఉండును. ఆకును కొరుకుటకు ముందు పురుగు ఈ తడుములతో దానిని ముట్టి రుచి చూచును. రుచి నచ్చకున్న కొరుకదు. వేపగింజల కషాయము పని చేయుటలో సగము రహస్యమిచ్చటనే యున్నది. ఐదు కిలోల వేపపప్పు పొడిని రాత్రి నీటిలో నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి, నూరు లీటర్ల నీటికి సరిచేసి చల్లినచో, ఆకు చేదెక్కి పురుగు నోరు ముడుచుకొనును. అది వెంటనే చావలేదని కోపించి కషాయమును నిందించువారు పురుగు తినుట మానినదా లేదా యని చూడవలెను.

పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, వరి మొగిపురుగు మున్నగు గొంగళిదశ పురుగులన్నియు కొరుకునవే. ఇవి తిన్న ఆకు చిల్లులు పడును, అంచులు కోసికొనిపోవును, లేదా ఈనెలు మాత్రమే మిగులును. క్రింద లద్దె రాలియుండును. ఆకు పోయిన జాడ, లద్దె జాడ, ఈ రెండును కనబడినచో నోరు కొరుకునదేయని తెలిసికొనవచ్చును.

అయితే ఈ గొంగళి రెక్కలపురుగుగా మారినప్పుడు దాని నోరును మారిపోవును. దవడలు పోయి, గడియారపు స్ప్రింగువలె చుట్టుకొనియుండు సన్నని గొట్టము వచ్చును. దానితో పూలతేనె త్రాగును. మొగిపురుగు యొక్క రెక్కలపురుగుకు ఆ గొట్టము గూడ క్షీణించి అది ఏమియు తినకయే గ్రుడ్లు పెట్టి చచ్చును. కావున దీపము చుట్టు తిరుగు రెక్కలపురుగు మీ పంటను తినుట లేదు, రాబోవు నోళ్ళను మోసికొని తిరుగుచున్నది. ఇందులకును ఒక అపవాదము కలదు. బత్తాయి తోటలలో రాత్రివేళ కాయలకు రంధ్రము చేయు పెద్ద రెక్కలపురుగుల గొట్టము కొన గట్టిపడి రంపపుపండ్లు గలదై కాయ తోలును తొలుచును. దాని గొంగళి తిప్పతీగ నాశ్రయించి బ్రతుకును. తోట కంచెపై తిప్పతీగ నల్లుకొననిచ్చి కాయలు రాలుచున్నవని దుఃఖించిన ప్రయోజనము లేదు.

పీల్చు నోరు పూర్తిగా వేరు. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి, వరి సుడిదోమ, మామిడి తేనెమంచు పురుగు ఇవన్నియు ఈ జాతివి. ఇచ్చట దవడలు సాగి వెండ్రుకకంటె సన్నని నాలుగు సూదులైనవి. ఆ నాలుగును ఒక ఒరలో ఇమిడియుండును. లోపలి రెండు సూదులు అతుకుకొని రెండు కాలువలగును. ఒక కాలువగుండ పురుగు తన లాలాజలమును మొక్కలోనికి పంపును, మరియొక దానిగుండ రసమును తీసికొనును. మనుష్యుని కుట్టు దోమకును వీటికిని బంధుత్వము లేకున్నను, సూదినోటిని బట్టి పచ్చదోమ, తెల్లదోమ యని పిలుచుట చక్కగా నమరినది. పిల్లపురుగునకును పెద్దపురుగునకును ఇచ్చట ఒకటే నోరు. పుట్టినది మొదలు చచ్చువరకు, ఆకు అడుగున గుంపుగా కూర్చుండి పీల్చుచునేయుండును.

మొక్కలోని ఆ రసము తియ్యనిది. కాని పురుగు పెరుగుటకు కావలసిన మాంసకృత్తుల సత్తువ అందు బహు కొంచెము. అందుచే అది అక్కరకు మించి త్రాగి, చక్కెరను బిందువులుగా వెనుకనుండి విడుచును. నెన్నెల వైపు మామిడితోటలు గలవారు పూతకాలమున చెట్టు క్రింద నిలిచినప్పుడు మీద పడు జిగట ఇదియే. మన వారు దీనిని తేనెమంచు అనిరి. మంచు కాదు, తేనెయు కాదు. ఆ జిగటపై నల్లని మసిబూజు పెరిగి ఆకును కప్పివేయును, ఆకునకు ఎండ తగులదు. చెట్టునకు చీమలు బారులు కట్టుట, ఆకు నల్లబడుట కండ్లబడినప్పుడు తెగులని తలచి తెగులు మందు చల్లువారు కలరు. బూజును తుడిచిన నేమి? జిగటను కురిపించు నోరు పైన కొమ్మలో నున్నది.

పీల్చు పురుగు ఆకును మ్రింగదు. ఇది రైతు మరువరాని సంగతి. ఆకు పైభాగమున ఎంత విషము పూసినను, సూది ఆ విషమును దాటి లోపలి రసములోనికి పోవును. కొరుకు పురుగు అట్లుగాక పైపూతతో సహా ఆకును తినును. అందుచే కడుపులోనికి పోయి చంపు మందు కొరుకు నోటికి తగును. పీల్చు నోటికి మొక్క రసములో కలిసిపోవు అంతర్వాహిక మందుగాని, ఒంటికి నేరుగా తగిలి చంపునదిగాని కావలెను. లేత పత్తిమొక్క కాండమునకు అంతర్వాహిక మందును కుంచెతో పూయు పద్ధతి ఈ సూత్రముపైననే నిలిచినది. మొక్కయే మందును ఆకులకు మోసికొనిపోవును. పీల్చినది చచ్చును. ఆకుపై తిరుగు మిత్రపురుగులకు ఆ మందు దాదాపు తగులదు. మోతాదులు మందును బట్టి మారును గనుక బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రమున నడిగి తెలిసికొనుట మంచిది.

నా మాటయే చెప్పుదును. ఒక యేడు నా పత్తిచేనిలో ఆకుల అంచులు పసుపెక్కి, పిదప ఎర్రబారి, క్రిందికి ముడుచుకొనెను. ఒక దుకాణములో నా గోడు చెప్పుకొనగా కాయతొలుచు పురుగు మందు నిచ్చిరి. రెండుమార్లు చల్లితిని. ఆకులు మరింత ఎర్రబారెను. మూడవ వారమున ఒక ఆకును త్రిప్పి అడుగున చూడగా ఆకుపచ్చని చిన్న పురుగులు పీతవలె అడ్డముగా పరుగెత్తినవి. పచ్చదోమ! ఆకున ఒక్క చిల్లైనను లేదనియు, లద్దె లేదనియు నాకు మొదటనే కనబడవలసినది. నేను చల్లిన మందు దానికి హాని చేయకపోగా దానిని తినుచుండిన పురుగులను చంపినది. దుకాణమువానిని తిట్టుకొంటిని గాని ఆకు త్రిప్పి చూడనివాడను నేనే గదా.

మిరపలో ఈ పరీక్ష మరింత సులభము. ఆకులు పైకి దోనెవలె ముడుచుకొనినచో పైముడత, అది తామరపురుగు పని. క్రిందికి బోర్లించిన దోనెవలె ముడుచుకొని కాడలు సాగినచో క్రిందిముడత, అది నల్లి పని. తామరపురుగు నోరు విచిత్రమైనది. దానికి ఎడమ దవడ ఒక్కటే ఎదిగియుండును, కుడిది లేదు. ఆ ఒక్కదానితో ఆకు పైపొరను పొడిచి, ఊరిన రసమును పీల్చును. నల్లి అసలు కీటకమే కాదు. పెద్దనల్లికి ఎనిమిది కాళ్ళు, సాలీటి బంధువు. కీటకములకని చేసిన మందులు అనేకము దానిని చంపజాలవు. గంధకమువంటి నల్లిమందు కావలెను. ముడత యేదైనను ముడతమందు ఇమ్మని అడుగువారికి ఏ ముడత యని దుకాణమువాడు తిరిగి అడుగుట అరుదు.

వరిలో సుడిదోమ నీటిమట్టమునకు కొంచెము పైన దుబ్బు మొదట కూర్చుండి పీల్చును. పైనుండి ఆకులమీద చల్లిన మందు అచ్చటికి చేరదు. పైరు సుడులు సుడులుగా ఎండిన తరువాత రైతు మేల్కొనును. నాటునప్పుడే ప్రతి రెండు మీటర్లకు ఇరువది సెంటీమీటర్ల కాలిబాట విడిచినచో గాలి, వెలుతురు మొదళ్ళకు సోకును, మందును మొదలికి చేర్చవచ్చును.

పీల్చు నోటివలన మరియొక ముప్పు గలదు. లాలాజలముతోబాటు రోగమును గూడ అది మొక్కనుండి మొక్కకు ఎక్కించును. పెసర, మినుము పల్లాకు తెగులును తెల్లదోమయే వ్యాపింపజేయును. పసుపెక్కిన మొక్కకు చికిత్స లేదు. పెరికివేయుటయు, దోమను అడ్డుటయు మాత్రమే మార్గము.

ఇప్పుడు బీ.టీ. పత్తి సంగతి చూతము. బాసిల్లస్ తురింజియెన్సిస్ అను నేలలోని సూక్ష్మజీవి చేయు ఒక విషమును పత్తిమొక్కయే తయారుచేయునట్లు మార్చిరి. మన దేశమున 2002లో దీనికి అనుమతి లభించినది. అంతకు ముందు సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. 1997-98లో లద్దెపురుగు విరుచుకుపడి, మందుమీద మందు చల్లినను చావక, వరంగల్లు జిల్లా పత్తిరైతులు పలువురు అప్పుల పాలై ప్రాణములు తీసికొనిరి. అట్టి కాలము పిదప వచ్చిన విత్తనమును రైతులు ఆశతో నందుకొనుట సహజము. కాని బీ.టీ. విషము గొంగళి మ్రింగి, దాని ప్రేవులలో కరగినప్పుడే పని చేయును. అది కొరుకు నోటికి పెట్టిన ఉచ్చు. పచ్చదోమకు, తెల్లదోమకు, పిండినల్లికి దానితో సంబంధము లేదు. బీ.టీ. విత్తనమునకు ఏ పురుగును రాదని నమ్మి చేనివైపు చూడనివారి పైరును ఈ సూదినోళ్ళే పీల్చివేసినవి.

కొరుకు నోళ్ళలోను ఒకటి ఆ ఉచ్చును తప్పించుకొనినది. గులాబిరంగు కాయతొలుచు పురుగు మొదటి రకపు బీ.టీ.ని తట్టుకొనుట గుజరాతులో ముందుగా బయటపడినది. 2006లో వచ్చిన రెండు విషముల విత్తనమును గూడ పిదప అది జయించినది. ఈ పురుగు గ్రుడ్డునుండి వెలువడిన కొలది కాలములోనే మొగ్గలోనికో కాయలోనికో దూరును. దూరిన రంధ్రము పూడిపోవును. నోరు లోపల, మందు బయట! అందుచే దీనిపై పోరాటము అది దూరక ముందే జరుగవలెను. విచ్చుకొనక ముడుచుకొనియుండు గుడ్డిపూలను ఏరి నాశనము చేయుడు. లింగాకర్షక బుట్టలను కట్టుడు. ఒక్కొక్క బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కలపురుగులు పడినచో చర్య తీసికొనవలసిన వేళ యైనదని గుర్తు. పంట తీసిన పిదప కట్టెను చేనిలోను ఇంటిముందును నెలలకొలది నిలువయుంచుట ఆ పురుగునకు మరుసటి యేటివరకు ఇల్లు కట్టి యిచ్చుటయే. వంటచెరకని దాచుకొనువారి ఇబ్బంది నాకు తెలియును. అయినను ఈ మాట చెప్పక తప్పదు.

చేనిలోని నోళ్ళన్నియు మనకు పగవి కావు. అక్షింతల పురుగు తన కొరుకు దవడలతో పేనుబంకను నమలును. దాని పిల్లపురుగు నల్లగా, మొసలి ఆకారమున నుండుటచే దానినే చీడయని నలిపివేయు రైతులను నేనెరుగుదును. అల్లికరెక్కల పురుగు పిల్లకు కొడవళ్ళవంటి రెండు దవడలు. వాటి లోపలి కాలువగుండ ఎర రసమును పీల్చి డొల్లను పారవేయును. సాలీడు నమలజాలదు. పట్టిన పురుగులోనికి జీర్ణరసమును విడిచి, ద్రవముగా మార్చి త్రాగును. వరిమడి నీటిలోని తూనీగ పిల్లకు క్రింది పెదవియే చేయి. మడతపెట్టి ముఖము క్రింద దాచియుంచి, ఎర దగ్గరకు రాగానే రెప్పపాటులో చాచి పట్టును. పాలపిట్టను దసరానాడు చూచుటకై పొలిమేర దాటి పోవుదుము. చేనిలో పంగకఱ్ఱలు ఎకరమునకు పది యిరువది నాటినచో అదియు, పసులపోలిగాడును వచ్చి కూర్చుండి మిడతలను, గొంగళ్ళను ఏరుకొనును. 1980వ దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిలో పైరిత్రాయిడు మందులు మితిమీరి చల్లగా తెల్లదోమ విజృంభించినది. దానిని తిను నోళ్ళు చేలలో లేకపోవుట అందుకొక కారణము.

ఒక నోటిలో పడినది మరియొక నోటికి చేరుటకు మన పొరుగుననే ఒక నిదర్శనము కలదు. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగుముక్కు రాబందులు కనుగొనబడినవి. రాబందు ముక్కు కొక్కెమువలె వంగి మాంసమును చీల్చుటకు అనుకూలముగ నుండును. కళేబరములోని మెత్తని లోపలి అవయవములను అది ముందుగా లాగుకొనును. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు శరీరమున మిగిలి, ఈ నోటిగుండ పోయి మూత్రపిండములను చెడగొట్టి దేశమందలి రాబందులలో నూటికి తొంబదికి పైగా నాశనము చేసినది. 2006లో పశువులకు దాని వాడుకను, 2023లో ఆసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ మందుల వాడుకను ప్రభుత్వము నిషేధించినది. ఎద్దు నొప్పికి మెలాక్సికామ్ వాడవచ్చును. అది రాబందునకు హాని చేయదు.

చివరగా మందు చల్లువాని నోరు. పంపు నాజిలు మూసికొనినప్పుడు దానిని విప్పి నోటితో ఊదుట మన చేలలో నిత్యము చూచుచున్నాము. మందు కలిపిన చేతితోనే బీడీ ముట్టించుట, తంబాకు నలిపి నోట వేసికొనుటయు కలదు. పెనుగంగకు ఆవలనున్న యవత్‌మాల్ జిల్లాలో 2017 వానకాలమున పత్తికి మందు చల్లినవారు ఇరువదిమందికి పైగా మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. నిలువెత్తు పత్తిలో ముఖమునకు గుడ్డ లేక, గాలికి ఎదురుగా, రెండు మూడు మందులు కలిపి చల్లిరని నాడు బయటపడినది. నాజిలును శుభ్రపరచుటకు పాత పండ్లకుంచె ఒకటి చాలును. దానిని పంపునకు దారముతో కట్టియుంచుడు. ఆ ప్రక్కనే ఒక చిన్న భూతద్దమును కట్టుకొనినచో, మందు కలుపుటకు ముందు పది మొక్కలయొద్ద ఆకులు త్రిప్పి అడుగున చూచుటకు పనికి వచ్చును.